మెదడుకి కరెంటు సరే, మరి కాలికి పనేదీ?

మన ఇళ్ళల్లో ఎమ్మెస్ అంటే అమెరికా చదువే. "ఫలానా వాళ్ళమ్మాయికి ఎమ్మెస్ వచ్చిందిట" అంటే ఏ యూనివర్సిటీ, ఎంత లోను పెట్టారు అని అడుగుతారు. మా పెద్దమ్మ కూతురికి వచ్చిన ఎమ్మెస్ అది కాదు, మల్టిపుల్ స్క్లిరోసిస్. ఊళ్ళో చుట్టాలకి ఈ సంగతి చెప్పేసరికి పెద్దమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది. "క్యాన్సరా?" కాదు. "పక్షవాతమా?" అదీ కాదు. "మరి మనిషి చక్కగానే ఉందిగా!" అదే వచ్చిన చిక్కు.

సాఫ్టువేరు జనం ఈ జబ్బు గురించి కాస్త తెలుసుకోవాలని ఎందుకంటున్నానంటే, ఇది ఎక్కువగా బయటపడేది 20 నుంచి 40 ఏళ్ళ మధ్య. మన క్యూబికల్స్ నిండా ఉన్నది ఆ వయసు వాళ్ళే. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకి రెండు మూడు రెట్లు ఎక్కువ వస్తుంది. ప్రపంచం మొత్తం మీద దాదాపు 29 లక్షల మందికి ఉందని 2023 నాటి లెక్క. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే మెదడులోనూ వెన్నుపాములోనూ నరాల మీద ఉండే మైలిన్ అనే తొడుగుని కొరికేస్తుంది. తొడుగు పోయిన చోట సంకేతం నెమ్మదిస్తుంది, ఒక్కోసారి దారిలోనే ఆగిపోతుంది. కొన్నాళ్ళకి నరమే దెబ్బతింటుంది. మందులు ఈ దాడిని తగ్గిస్తాయి. ఇరవయ్యేళ్ళ క్రితంతో పోలిస్తే ఇప్పుడు చాలా మంచి మందులున్నాయి, కాదనను. కానీ పోయిన నడకనీ, పోయిన వేళ్ళ నేర్పునీ మందు దానంతటది వెనక్కి తెచ్చి ఇవ్వదు. దానికి చెయ్యాల్సిన పని వేరే ఉంది. నా గొడవంతా ఆ పని గురించే.

మా అక్క వయసు 33. హైదరాబాదులో టెస్టింగ్ లీడు. జబ్బు పేరు తెలిసి నాలుగేళ్ళైంది. సాయంత్రానికి కుడికాలు ఈడుస్తుంది, కుడిచేత్తో చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి ఐదు నిమిషాలు పడుతుంది. వారానికి మూడు రోజులు ఫిజియోథెరపీకి వెళ్ళేది. విసుక్కుంటూనే అనుకోండి, కానీ వెళ్ళేది. ఇంతలో ఎవరో ఒక వీడియో పంపారు. నగరంలోనే ఒక సెంటరు, మెదడుకి కరెంటు పెట్టి నరాలని "మేలుకొలుపుతారు"ట. 20 సిట్టింగులు, 60 వేలు, వడ్డీలేని వాయిదాలు కూడానూ. ఫోను కొన్నట్టు!

రెండు నెలలు వెళ్ళింది. అక్కడికి వెళ్ళిరావడానికే సెలవలూ ఓపికా అయిపోయి ఫిజియో మానేసింది. ఒక రోజు ఉండబట్టలేక అడిగాను.

"ఆ ఇరవై నిమిషాలూ నీచేత ఏం చేయిస్తారక్కా?"

"ఏముందిరా, తలకి పట్టీ కట్టి వెనక్కి వాలే కుర్చీలో కూచోబెడతారు. టీవీలో వంటల ప్రోగ్రాం పెడతారు. మొన్న గుత్తివంకాయ."

గుత్తివంకాయ! 60 వేలు పెట్టి!

రెండు నెలలయ్యాక అక్క మా ఇంటికొచ్చి, అంతకుముందు రెయిలింగు పట్టుకుని ఎక్కే రెండంతస్తులకీ లిఫ్టు కోసం నిలబడింది. ఆ తగ్గుదల అంతా సెంటరు వాళ్ళ వల్లేనని నేననను. జబ్బు స్వభావమే అంత, ఎప్పుడు ఏ మెట్టు దిగుతుందో చెప్పలేం. కానీ ఆ రెండు నెలలూ కాలికి పని లేకుండా పోయిన మాట మాత్రం నిజం.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాను. ఎలక్ట్రానిక్స్ చదివి సాఫ్టువేరులో పడ్డవాణ్ణి. ఇంకొకటి కూడా చెప్పాలి. నా తగాదా కరెంటుతో కాదు. పని లేకుండా కరెంటు ఒక్కదాన్నే అమ్మేవాళ్ళతో. కరెంటు వెనక ఉన్న సైన్సు నిజమే, అందులోనూ మన ఎలక్ట్రానిక్స్ వాళ్ళకి ఇట్టే అర్థమయ్యే సైన్సు.

అక్కకి పెట్టినదాన్ని టీడీసీఎస్ అంటారు. ఉప్పునీళ్ళలో తడిపిన రెండు స్పాంజిలు తల మీద పెట్టి, ఒకటి రెండు మిల్లీ ఆంపియర్ల డీసీ కరెంటుని ఇరవై నిమిషాలు పంపిస్తారు. 2000లో జర్మనీలోని గోటింగెన్‌లో నిట్షే, పౌలుస్ అనే ఇద్దరు దీని మీద ఒక పేపరు వేశారు. కదలికల్ని నడిపే మెదడు భాగం మీద ధన ఎలక్ట్రోడు పెట్టి కొద్ది నిమిషాలు కరెంటు ఇస్తే, ఆ భాగం స్పందించే తీరు 40 శాతం దాకా మారిందన్నది అందులోని సంగతి. ఇప్పుడు మనం చూస్తున్న హడావుడికి మూలం అదే. కానీ ఆ కరెంటు నరకణాన్ని పేల్చదు. పేలడానికి కాస్త దగ్గరగానో దూరంగానో జరుపుతుంది, అంతే.

ఇది మనకి తెలిసిన ముక్కే కదా? దీన్ని బయాస్ అంటాం. సెకండియర్ ల్యాబులో ట్రాన్సిస్టర్‌కి పెట్టినదే. యాంప్లిఫయరుకి బయాస్ అచ్చంగా సరిపోయేలా పెట్టి, మైకు ముందు ఎవరూ మాట్లాడకపోతే స్పీకర్లో ఏం వినపడుతుంది? గుయ్యిమని చప్పుడు. సిగ్నల్ మనం ఇవ్వాలి. ఇక్కడ సిగ్నల్ అంటే ఆ కాలు ఎత్తడం, ఆ వేలు వంచడం, పడబోయి నిలదొక్కుకోవడం. టీవీలో వంకాయ చూడ్డం కాదు.

పోనీ ఆ బయాసైనా పూర్తిగా అందుతుందా అంటే అదీ అనుమానమే. 2018లో బూజాకీ బృందం శవాల తలల మీద కొలిచి చూస్తే, పైన పెట్టిన కరెంటులో 75 శాతం దాకా చర్మం, కండ, పుర్రె దగ్గరే పోతోందని తేలింది. 2014లో లండనులో యాభైమందికి పైగా ఆరోగ్యవంతుల మీద రెండు మిల్లీ ఆంపియర్లతో ప్రయత్నిస్తే మనిషికొక రకంగా ఫలితం వచ్చింది, అందర్నీ కలిపి లెక్కేస్తే చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. మైలిన్ ఊడిపోయి, మెదడులో మచ్చలు పడి, ఎవరి పటం వాళ్ళదైన రోగుల్లో అందరికీ ఒకే పట్టీ, ఒకే చోట, ఒకే కరెంటు. దీన్ని "పర్సనలైజ్‌డ్ థెరపీ" అని బ్రోచర్లో వేసుకున్నారు, ఆ ధైర్యానికి మెచ్చుకోవాలి.

టీఎంఎస్ అని ఇంకోటి ఉంది. 1985లో ఇంగ్లాండులోని షెఫీల్డులో బార్కర్ బృందం తయారుచేసింది. తల పక్కన తీగచుట్ట పెట్టి అయస్కాంతపు దెబ్బ కొడతారు. ఇది బయాస్ కాదు, నిజంగానే నరకణాల్ని పేలుస్తుంది, సరైన చోట కొడితే వేలు ఎగిరిపడుతుంది. ఎమ్మెస్ ఉన్నవాళ్ళ కాళ్ళు బిగుసుకుపోవడం మీద దీనిలో ఒక పద్ధతి బహుశా పనిచేస్తుందని 2020లో యూరప్ నిపుణులు వెలువరించిన మార్గదర్శకాలు రెండో స్థాయి ఆధారం కింద ఒప్పుకున్నాయి. మంచిదే. అయితే దాని వెనకున్న ప్రయోగాల్లో ఒకటి చూడండి. 2011, రోము నగరం, 30 మంది రోగులు, రెండు వారాలు. కొందరికి టీఎంఎస్‌తో పాటు వ్యాయామం, కొందరికి ఉత్తుత్తి టీఎంఎస్‌తో వ్యాయామం, కొందరికి టీఎంఎస్ ఒక్కటే. ఒక్క టీఎంఎస్ పెట్టినవాళ్ళకి కండరాల బిగువు కాస్త సడలింది, అక్కడితో సరి. నిస్సత్తువ తగ్గడం, రోజువారీ పనులు మెరుగవడం అన్నవి రెండూ కలిపి చేసినవాళ్ళలో కనపడ్డాయి. ఆ పేపరు వాళ్ళు చెప్పుకున్నదేమిటంటే టీఎంఎస్ వ్యాయామానికి నేల దున్నిపెడుతుందని. దున్ని వదిలేస్తే పంట రాదని మన తాతల్ని అడిగినా చెప్తారు.

ఇక అసలు ఘనత ఎవరిదో చూద్దాం. దీనికి వీడియోలు ఉండవు, ఫార్వార్డులు ఉండవు.

అమెరికాలో అలబామా యూనివర్సిటీలో ఎడ్వర్డ్ టాబ్ అని ఒక పెద్దాయన. కోతుల మీద చేసిన పనిలో ఒక సంగతి పట్టుకున్నాడు. దెబ్బతిన్న చెయ్యి నాలుగు సార్లు మొరాయిస్తే, జంతువు ఆ చేతిని వాడడమే మానేస్తుంది. తర్వాత కొంత శక్తి తిరిగొచ్చినా వాడదు, ఎందుకంటే వాడకూడదని నేర్చేసుకుంది. మనుషులూ అంతే. బొత్తాలు పెట్టడానికి ఐదు నిమిషాలు పడుతుంటే మీరేం చేస్తారు? ఎడమచేత్తో పెట్టుకుంటారు, లేదా బొత్తాల్లేని కుర్తా కొంటారు. అక్క అల్మరా నిండా అవే. జబ్బు సగం తీసుకుపోతే మిగతా సగం మన సర్దుబాటు తీసుకుపోతుంది.

టాబ్ చికిత్స మొరటుగా ఉంటుంది. బాగున్న చేతికి తొడుగు వేసి కట్టేస్తారు. బాగాలేని చేత్తో గంటల తరబడి పని. చిల్లర ఏరడం, గ్లాసు ఎత్తడం, తలుపు గొళ్ళెం తీయడం, కొంచెం వస్తే ఇంకొంచెం కష్టమైనది. దాంతో అయిపోదు. ఇంటి దగ్గర ఏ పనులు ఆ చేత్తోనే చేస్తారో కాగితం మీద రాసి సంతకం పెట్టాలి, రోజూ డైరీ చూపించాలి. మొదట పక్షవాతం వాళ్ళకి వాడిన ఈ పద్ధతిని ముదిరే రకం ఎమ్మెస్ ఉన్న ఐదుగురి మీద పరీక్షించి 2008లో రాశారు. ఐదుగురే, చిన్న లెక్క. 2018లో 20 మందితో ఇంకాస్త పకడ్బందీగా చేశారు. ఒక గుంపుకి 35 గంటలు ఈ మొరటు సాధన, ఇంకో గుంపుకి అన్నే గంటలు యోగా, మసాజు, నీళ్ళలో వ్యాయామం లాంటివి. ఇంటి దగ్గర ఆ చేతిని వాడడం సాధన చేసినవాళ్ళలో బాగా పెరిగింది, ఏడాది తర్వాత చూసినా నిలిచింది. మెదడు స్కానులో నరాల దారుల్లోనూ మార్పు కనపడింది. ఇందులో తల మీద ఏ పట్టీ లేదు, ఏ కరెంటూ లేదు!

నడకకీ ఇదే కథ. ఒకప్పుడు ఎమ్మెస్ ఉన్నవాళ్ళని కదలొద్దు, అలిసిపోవద్దు అనేవాళ్ళు. దానికి కారణం లేకపోలేదు. 1890లో ఊట్‌హోఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు, రోగులు శ్రమపడితే చూపు మసకబారడం గమనించాడు. తర్వాత తేలిందేమిటంటే అది శ్రమ వల్ల కాదు, వేడి వల్ల. తొడుగు ఊడిన నరంలో ఒంటివేడి కొద్దిగా పెరిగినా సంకేతం తడబడుతుంది, చల్లబడితే మళ్ళీ మామూలే. (స్కానులు రాకముందు రోగిని వేడినీళ్ళ తొట్టిలో కూచోబెట్టి జబ్బు ఉందో లేదో చూసేవారంటే నమ్ముతారా?) అంటే నష్టం శాశ్వతం కాదు. అయినా ఆ భయం వందేళ్ళు నడిచింది. 1996లో అమెరికాలోని యూటాలో 54 మంది రోగులతో పదిహేను వారాలు ఏరోబిక్ వ్యాయామం చేయించి, మనుషులు దెబ్బతినకపోగా బలపడ్డారని చూపించాక గాలి మారింది. మన విజయవాడ ఎండల్లో చెయ్యొద్దనండి, ఒప్పుకుంటాను. తెల్లారి ఐదింటికి చెయ్యండి, ఏసీ గదిలో చెయ్యండి, మెడకి తడి తువ్వాలు చుట్టుకుని చెయ్యండి. "రెస్టు తీసుకో తల్లీ" అని మాత్రం అనకండి. మన ఇళ్ళల్లో ప్రేమ ఎక్కువైతే మనిషిని మంచం మీంచి దిగనివ్వం.

వ్యాయామం సర్వరోగనివారిణి అని కూడా నేను అమ్మట్లేదు. ముదిరే రకం ఎమ్మెస్ ఉన్న మూడొందల మందికి పైగా జనంతో జరిగిన ఒక పెద్ద ప్రయోగం 2023లో లాన్సెట్ న్యూరాలజీలో వచ్చింది. కంప్యూటరు మీద ఆలోచనల సాధన, ఏరోబిక్ వ్యాయామం రెండూ కలిపినా, ఉత్తుత్తి వాటికంటే ఆలోచన వేగం పెరగలేదు. నడక సాధన చేస్తే నడక, వేళ్ళ సాధన చేస్తే వేళ్ళు. ఏది కావాలో అదే చెయ్యాలి, అడ్డదారి లేదు.

మరి కరెంటూ సాధనా కలిపితే? అక్కడ నిజాయితీగా జరుగుతున్న పని ఉంది. ఫలితాలు మిశ్రమంగా ఉన్నాయి. 2014లో బెల్జియంలో ఒక్క పూట, ఒక్క మిల్లీ ఆంపియరు పెట్టి చేతి సాధన చేయిస్తే ఉత్తుత్తి కరెంటుకీ దానికీ తేడా రాలేదు. న్యూయార్క్‌లో 2018లో ఇంటి దగ్గరే వీడియో పర్యవేక్షణలో ఇరవై పూటలు ఇస్తే నిస్సత్తువ తగ్గింది. ఆ కరెంటు నడుస్తున్నంత సేపూ రోగుల చేత కంప్యూటరు మీద మెదడు కసరత్తులు చేయించారు. 2020లో అదే నగరంలో ఇరవై మంది కూడా లేని చిన్న ప్రయోగంలో, కరెంటు ఇస్తూ శారీరక వ్యాయామం చేయిస్తే నడక వేగం పెరిగింది. గమనించారా? ఎక్కడా ఎవరూ ఖాళీగా కూచోలేదు.

ఇంకా గట్టి సాక్ష్యం కావాలంటే పోన్స్ అనే పరికరం ఉంది. నాలుక మీద పెట్టుకుంటే చిన్న చిన్న కరెంటు దెబ్బలతో నరాల్ని తట్టే యంత్రం. 2021 మార్చిలో అమెరికా ఎఫ్‌డీఏ దీన్ని ఎమ్మెస్ వాళ్ళ నడక లోపానికి అనుమతించింది. ఏమని అనుమతించింది? డాక్టరు చీటీ మీద మాత్రమే, పర్యవేక్షణలో జరిగే వ్యాయామానికి తోడుగా మాత్రమే అని. తోడు! ప్రభుత్వం వేసిన ముద్రలోనే ఉంది ఎవరు పెళ్ళికొడుకో, ఎవరు తోడుపెళ్ళికొడుకో. మన దగ్గర మాత్రం తోడుపెళ్ళికొడుకుని పీటల మీద కూచోబెట్టి కట్నం వసూలు చేస్తున్నారు.

మనవాళ్ళలో ఇంకో రకం ఉన్నారు. "60 వేలెందుకు బాస్, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఒక ఐసీ, రెండు రెసిస్టర్లు, 500లో అయిపోద్ది" అనే మేధావులు. నా క్లాస్‌మేటే ఒకడు చేసిస్తానన్నాడు. అయ్యా, సర్క్యూటు చెయ్యడం నాకూ వచ్చు. 2016లో 39 మంది పరిశోధకులు ఇలాంటి సొంత ప్రయోగాలు వద్దని బహిరంగ లేఖ రాశారు. ఎలక్ట్రోడు కాస్త జరిగితే ఏ భాగానికి ఎంత పోతుందో తెలీదు, ఒక పనిలో లాభపడితే ఇంకో పనిలో నష్టపోవచ్చు, ఆ ప్రభావం అనుకున్నదానికంటే ఎక్కువ కాలం ఉండొచ్చు అన్నారు. చర్మం కాలడం సరేసరి. ఎమ్మెస్ ఉన్నవాళ్ళకి మూర్ఛలు వచ్చే అవకాశం మామూలు వాళ్ళకంటే ఎక్కువ కూడాను. ప్రొడక్షన్ సర్వర్ మీద టెస్టింగు చెయ్యనివాళ్ళు అక్క తల మీద చేస్తారా?

ఫిజియో సెంటర్లని వెనకేసుకొస్తున్నాననుకోకండి. అక్కడా సగం చోట్ల మనిషిని పడుకోబెట్టి, ఐఎఫ్‌టీ మెషీను తగిలించి, పావుగంట మైనం పట్టు వేసి, డబ్బులు తీసుకుని పంపించేస్తారు. మంచి ఫిజియో అంటే మీకు చెమట పట్టించేవాడు. ఇవాళ పదిసార్లు కూచుని లేపితే వచ్చే వారం పదిహేను సార్లు లేపేవాడు. లెక్క రాసేవాడు.

ఇక్కడే మన కంపెనీల సంగతి వస్తుంది. ఆరు నెలలకోసారి అక్క ఆస్పత్రిలో చేరి మందు ఎక్కించుకుంటుంది, గ్రూపు ఇన్సూరెన్సు కిక్కురుమనకుండా కడుతుంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారికి ఆరొందలు పెట్టి చేసే ఫిజియోకి ఒక్క రూపాయి రాదు, ఎందుకంటే అది ఔట్‌పేషెంటు. చాలా గ్రూపు పాలసీల్లో ఇంతే. మంచమెక్కితే డబ్బులిస్తాం, మంచమెక్కకుండా చూసుకుంటే మీ ఖర్చు అని అర్థం. ఇంతకంటే తెలివితక్కువ లెక్క నేను చూళ్ళేదు. ఈ ఖాళీలోంచే కదా ఆ వాయిదాల సెంటర్లు పుట్టుకొచ్చేది. ఎలాగూ జేబులోంచే పెట్టాలన్నప్పుడు, చెమట పట్టేదానికంటే కుర్చీలో వాలేది ముద్దొస్తుంది. అక్కని ఏం అనగలం?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల జాబితాలో మల్టిపుల్ స్క్లిరోసిస్‌ని పేరు పెట్టి చేర్చింది. ప్రైవేటు కంపెనీలతో సహా ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలని అదే చట్టం 21వ సెక్షను చెప్తుంది. (ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం కోటాలో మాత్రం ఈ జబ్బు పేరు లేదు, అదింకో టపా అవుతుంది.) మీ కంపెనీ విధానం ఎక్కడుందో ఎప్పుడైనా వెతికారా? పింగ్‌పాంగ్ బల్లకీ, మారథాన్ టీషర్టులకీ బడ్జెట్ ఉన్న చోట, వారానికి మూడు పొద్దుటిపూటలు పదకొండింటికి లాగిన్ అవ్వనిస్తే ఏ రిలీజు ఆగిపోతుంది? పాలసీ రెన్యువల్ అప్పుడు ఔట్‌పేషెంటు ఫిజియో కలపమని పదిమంది కలిసి హెచ్చార్‌కి మెయిలు పెడితే కొంపేం మునగదు. మా టీములో పెట్టాం. "నోటెడ్" అని జవాబొచ్చింది, ప్రస్తుతానికి :)

అక్క మళ్ళీ ఫిజియోకి వెళ్తోంది. మెట్లు ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు. తన న్యూరాలజిస్టు కావాలంటే, సాధనతో పాటు, ఎవరైనా లెక్కప్రకారం చేసే చోట స్టిమ్యులేషన్ కూడా పెట్టించుకోమనండి, నేనే కారులో దింపి వస్తాను. అలాంటి చోటికి వెళ్ళేవాళ్ళు మొదట అడగాల్సింది రేటు కాదు. ఎక్కడ పెడతారు, ఎందుకక్కడే, మొదటి రోజు నా నడకని గడియారం పెట్టి కొలుస్తారా, చివరి రోజు మళ్ళీ కొలుస్తారా, పట్టీ ఉన్నంత సేపూ నాచేత ఏం చేయిస్తారు?

ఈ చివరి ప్రశ్న నేనే ఆ సెంటరుకి ఫోన్ చేసి అడిగాను. ఫోనెత్తినమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది. "పేషెంట్ ఏమీ చెయ్యక్కర్లేదు సార్, మొత్తం మెషీనే చూసుకుంటుంది."